కళ్ళు కదిపితే మనసు గాయం మానుతుందా?

ఈ వారం నేను నేర్చుకున్న మాట "మానడం". జ్వరం తగ్గుతుంది, గాయం మానుతుంది. మరి మనసుకు తగిలిన గాయం? దానికి అమెరికాలో పుట్టిన ఒక వైద్యం చరిత్ర చెప్తాను. దాని పేరు ఈఎండీఆర్.

వియత్నాం యుద్ధం 1975లో ముగిసింది. కానీ ఇంటికి వచ్చిన చాలామంది సైనికులకు అది ముగియలేదు. రాత్రి పీడకలలు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఈ బాధకు పీటీఎస్‌డీ అని పేరు పెట్టింది. పేరు దొరికింది, ఇక మందు వెతకాలి.

ఫ్రాన్సిన్ షపీరో మొదట ఇంగ్లీషు సాహిత్యం చదివారు. క్యాన్సర్ వచ్చాక మనస్తత్వ శాస్త్రం వైపు మళ్ళారు. 1987లో కాలిఫోర్నియాలో ఒక పార్కులో నడుస్తుంటే, కళ్ళు అటూ ఇటూ వేగంగా కదిలినప్పుడు చెడు ఆలోచనల బాధ తగ్గిందని ఆమె గమనించారట. 1989లో 22 మందితో చేసిన పరిశోధనను ప్రచురించారు. వాళ్ళలో వియత్నాం సైనికులూ ఉన్నారు, లైంగిక దాడికి గురైనవాళ్ళూ ఉన్నారు.

ఇందులో ఏం చేస్తారు? మొత్తం ఎనిమిది దశలు. ముందు మీ కథ వింటారు, మనసును శాంతపరచుకోవడం నేర్పుతారు. తర్వాత మీరు ఆ చెడు జ్ఞాపకాన్ని తలుచుకుంటూ థెరపిస్టు వేళ్ళ వెంట కళ్ళు కదపాలి. కాసేపు ఆగి, మనసులో ఏం వచ్చిందో చెప్పాలి. మళ్ళీ మొదలు.

చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. భయాన్ని భద్రమైన చోట తలుచుకోవడం పాత వైద్యమే కదా, కళ్ళతో పనేముంది అని అడిగారు. ఇంకొందరి జవాబు ఇది: మనసు ఒకేసారి రెండు పనులు సరిగ్గా చేయలేదు, వేళ్ళను చూస్తుంటే జ్ఞాపకం పదును తగ్గుతుంది. ఈ వాదన ఇంకా తేలలేదు. కానీ రోగులకు మేలు జరుగుతోందని చాలామంది ఒప్పుకున్నారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పీటీఎస్‌డీకి ఈ వైద్యాన్ని సిఫారసు చేసింది. షపీరో 2019లో చనిపోయారు.

మన ఇళ్ళలో ఎవరైనా ఇలాంటి బాధ చెప్పుకుంటే "అయిపోయిందిగా, మర్చిపో" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ విన్నవాళ్ళు ఇంకోసారి నోరు విప్పరు. ఈ వైద్యం మర్చిపొమ్మని అడగదు. జ్ఞాపకం ఉంటుంది, దాని నొప్పి తగ్గుతుంది. మానిన గాయానికి మచ్చ ఉన్నట్టే. అయితే వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించకండి. శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గరే చేయించుకోవాలి.