‘బ్లేటంట్’ అను ఆంగ్ల విశేషణము: అర్థపరిణామము

ధ్వని పరిమాణమును తెలుపు మాటలు వేఱు. ఆ ధ్వనిపై వినువాని తీర్పును తెలుపు మాటలు వేఱు. ‘బిగ్గరగా’ అన్నప్పుడు మనము కొలతను మాత్రమే చెప్పుచున్నాము. ‘కర్ణకఠోరముగా’ అన్నప్పుడు ఆ ధ్వని సహింపరానిదని కూడ చెప్పుచున్నాము. ఈ రెండవ తెగకు చెందిన ఆంగ్ల విశేషణములలో ‘బ్లేటంట్’ ఒకటి. నేడు దానికి ‘సిగ్గువిడిచి బహిరంగమైన’ అను అర్థమే ప్రచురముగా నున్నది గాని, చాలకాలము అది కఠోరమైన రొదను తెలుపుచుండెను. చెవికి సంబంధించిన మాట కంటికి సంబంధించినదిగా ఎట్లు మాఱినదో, ఆ మార్పువలన ఏమి మఱుగుపడినదో పరిశీలించుట మా ఉద్దేశము.

గట్టిధ్వనిని తెలుపు ఆంగ్ల విశేషణములన్నియు నిందకై పుట్టినవి కావు. హోమరు ఇలియడ్ కావ్యమున, ఐదవ సర్గములో, స్టెంటర్ అనువాడు ఏబదిమంది గొంతులకు సమానమైన గొంతు గలవాడుగా వర్ణితుడు. అతని పేరునుండి వచ్చిన ‘స్టెంటోరియన్’ కంఠబలమునే తెలుపును. ‘రాకస్’ అను మాటకు మూలమైన లాటిన్ పదమునకు ‘బొంగురుపోయిన’ అని అర్థము. ఇది ధ్వని గుణమును ఆశ్రయించినది. ‘బ్లేటంట్’ చరిత్ర ఇట్టిది కాదు. అది నిందించుటకే ఒక కవి వాడిన మాట.

ఆ కవి ఎడ్మండ్ స్పెన్సర్. అతని ‘ఫెయిరీ క్వీన్’ కావ్యమున మొదటి మూడు భాగములు 1590లోను, తరువాతి మూడు భాగములు 1596లోను వెలువడినవి. ఐదవ భాగము చివర ‘బ్లేటంట్ బీస్ట్’ అను ఒక వికృతమృగము ప్రవేశించును. దానికి మొదట నూఱు నాలుకలని, ఆఱవ భాగమున వేయి నాలుకలని కవి చెప్పినాడు. కుక్కల మొఱుగులు, పిల్లుల అరపులు, మనుష్యుల దుర్భాషలు అన్నియు ఆ నాలుకలనుండియే వెలువడును. అసూయ, పరనింద అను ఇరువురు వృద్ధస్త్రీలు దానికి తోడు. మర్యాదకు ప్రతినిధియైన కాలిడోర్ అను వీరుడు దానిని బంధించును గాని, అది సంకెల తెంచుకొని మరల లోకముమీద పడును. లాటిన్ భాషలో ‘వదరుట’ అను అర్థముగల ధాతువునుండి ఈ విశేషణము ఏర్పడి యుండునని కొందఱు, గొఱ్ఱెల అరపును తెలుపు దేశ్యపదముతో సంబంధము కలదని కొందఱు ఊహించినారు. నిర్ణయము మాత్రము కుదరలేదు.

ఈ మృగము ఎవరిపై పడినదను ప్రశ్న పదచరిత్రకు ముఖ్యము. అది మొదట పడినది ధర్మమునకు ప్రతినిధియైన ఆర్టిగాల్ అను వీరునిపై. ఈ పాత్రయందు ఆర్థర్ గ్రే ప్రభువు ఛాయలున్నవని విమర్శకులు సాధారణముగా అంగీకరింతురు. గ్రే 1580లో ఐర్లండునకు ఎలిజబెత్ రాణి ప్రతినిధిగా వెళ్లినాడు. స్పెన్సర్ అతనికి కార్యదర్శి. ఆ సంవత్సరము నవంబరులో స్మెరిక్ కోటయందు లొంగిపోయిన విదేశ సైనికులను, దాదాపు 600 మందిని, గ్రే సేన వధించినది. అతని పాలన అతిక్రూరమని అభియోగములు బయలుదేరినవి. 1582లో అతనిని వెనుకకు పిలిపించినారు. ఐర్లండు స్థితినిగూర్చి తాను వ్రాసిన వచనగ్రంథమున స్పెన్సర్ గ్రేను గట్టిగా సమర్థించినాడు. కావ్యములోని మృగము ఆ సమర్థనకే మఱొక రూపము. అనగా, ఒక పాలకుని కాఠిన్యముపై వచ్చిన ఆక్షేపణలను ఆక్షేపణలుగా గాక మృగధ్వనిగా వినిపించుటకు ఈ విశేషణము పుట్టినదని మా అభిప్రాయము. ఆక్షేపణకు సమాధానము చెప్పవలసి యుండును. రొదకు సమాధానము అక్కఱలేదు.

స్పెన్సర్ మృగమును విడిచి, 17వ శతాబ్ది మధ్యమునుండి ఈ మాట సామాన్య విశేషణమైనది. నోరుపెట్టుకొని బ్రతుకువారిని, అల్లరిమూకలను అట్లు పిలువసాగినారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువున దీనికి దూడవలె అరచుటను అర్థముగా నిచ్చినాడు. కావ్యములోని నింద అక్కడ కేవలము పశుధ్వనిగా మిగిలినది. 19వ శతాబ్ది చివర, చెవిని బాధించు గుణము కంటిని బాధించు గుణముగా మాఱినది. పిమ్మట దాచుకొనుటకైన ప్రయత్నింపని తప్పునకు, అబద్ధమునకు, పక్షపాతమునకు ఇది విశేషణమైనది. దీనిని ‘ఫ్లేగ్రంట్’ తో కలిపివేయుట కలదు. ‘మండుట’ అను అర్థముగల లాటిన్ ధాతువునుండి వచ్చిన ఆ మాట తప్పు తీవ్రతను చెప్పును. ‘బ్లేటంట్’ దాని బాహాటత్వమును చెప్పును. వ్రాయువారు ఈ భేదమును పాటించుట మేలు.

తెలుగున ఇందుకు సమీపముగా ‘పచ్చి అబద్ధము’ అను వాడుక కలదు. ఇక్కడ ఊహ చెవినుండి గాక పక్వము కానితనమునుండి వచ్చినది. మన ‘పరుషము’ స్పర్శనుండి వాక్కునకు వచ్చిన మాట. గరుకైనది కఠినమైన మాటయైనది. వ్యాకరణమున క చ ట త ప లను పరుషములనుటలో నింద లేదు. అయితే స్పెన్సర్ చేసిన పనికి సరియైన తెలుగు ఉదాహరణము ‘మొఱ’, ‘గోల’ అను జంటలో దొరకును. ఒకే ఆర్తనాదము ఆలకించువానికి మొఱ, ఆలకింపనొల్లనివానికి గోల. ధ్వనిలో భేదము లేదు, భేదమంతయు వినువానియందే.

కావున ప్రాచీనాంగ్ల గ్రంథములను అనువదించువారు 17, 18 శతాబ్దుల రచనలలో ఈ మాట కనబడినప్పుడు ‘బహిరంగమైన’ అని వ్రాయక, రొదకు సంబంధించిన అర్థమునే ముందుగా పరిశీలింపవలెను. కాని అంతతో పని ముగియదు. ఎవరి గొంతును ఎవరు రొద యన్నారో కూడ విచారింపవలెను. స్మెరిక్ మృతులగూర్చి మాటాడిన నాలుకలు మృగమునకు దక్కినవి. ధర్మమను పేరు గ్రేకు దక్కినది. నిఘంటువు అర్థమును చెప్పును గాని, ఆ పంపకమును చెప్పదు.