సైడర్: ఒక పేరు, రెండు పానీయాలు

శరదృతువు రాగానే అమెరికాలో ఆపిల్ తోటల దగ్గర సైడర్ అమ్ముతారు. మన పిల్లలు ఇష్టంగా తాగుతారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దలు మాత్రం ఆ పేరు వినగానే సందేహిస్తారు. ఇంగ్లండులోని బంధువులైతే “పిల్లలకు మందు పోస్తున్నారా!” అంటారు. ఇందులో ఎవరిదీ పొరపాటు కాదు. తికమకంతా ఆ మాట చరిత్రలోనే ఉంది.

హీబ్రూలో ‘షేఖార్’ అంటే మత్తు పానీయం. ఆపిల్‌తో దానికి సంబంధం లేదు. అదే గ్రీకు, లాటిన్ భాషల్లో ‘సికెర’ అయింది. ఫ్రెంచిలో ‘సిద్ర్’గా మారి, పులిసిన ఆపిల్ రసానికి పేరుగా స్థిరపడింది. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. 14వ శతాబ్దంలో విక్లిఫ్ పేరుతో వెలువడిన ఇంగ్లీషు బైబిలు మత్తు పానీయం అనే అర్థంలోనే ఈ మాటను వాడింది. బ్రిటనులో నేటికీ సైడర్ అంటే మద్యమే.

అమెరికాకు వలస వచ్చినవారికీ మొదట అదే అర్థం. రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పొద్దున్నే సైడర్ తాగేవాడు. 1840 ఎన్నికల్లో హారిసన్ పక్షంవారు తమ అభ్యర్థి సామాన్యుడని చాటడానికి కర్రల గుడిసెను, ‘హార్డ్ సైడర్’ను గుర్తులుగా ఊరేగించారు. తర్వాత మద్యపాన వ్యతిరేకోద్యమం బలపడింది. 1920 నుంచి 1933 వరకు దేశమంతటా మద్యనిషేధం అమలైంది. క్రమంగా ఇక్కడ ఉత్త సైడర్ అంటే వడగట్టని తాజా రసమనీ, పులిసినది ‘హార్డ్ సైడర్’ అనీ వాడుక స్థిరపడింది.

ఈ తేడా మనకు కొత్త కాదు. తాటిచెట్టు నుంచి దింపిన తాజా రసం నీరా. పులిస్తే అదే కల్లు. పులవకుండా కుండలో సున్నం పూస్తారు. మనకు రెండు పేర్లున్నాయి, వారికి ఒక్కటే.

వైద్యులుగా మేము చెప్పదలచినది ఇది. తాజా సైడర్ కూడా ఎక్కువ రోజులు నిలవుంటే పులుస్తుంది. వేడిచేసి శుద్ధిచేయని రసంలో ప్రమాదకరమైన సూక్ష్మజీవులు ఉండవచ్చు. అందుకే 1998లో అమెరికా ప్రభుత్వం అలాంటి సీసాలపై హెచ్చరిక ఉండాలని నియమం పెట్టింది. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పాశ్చరైజ్ చేసినదే ఇవ్వండి. జీవితమంతా మద్యం ముట్టని అమ్మకో, మామగారికో గ్లాసు అందించే ముందు, సీసాపై ‘హార్డ్’ అని ఉందేమో చూడండి. ఇంగ్లండులో ఉంటే ఆ మాట కోసం వెతకవద్దు. అక్కడ ఉత్త సైడరే మద్యం.