హైదరాబాద్ ఆకాశహర్మ్యాలు: ఎత్తును నిర్ణయించిన నిబంధన, కేంద్రం కోసం వెతుకుతున్న నగరం

హైదరాబాద్ నగరం 1591లో చార్మినార్ కేంద్రంగా రూపుదిద్దుకుంది. నాలుగు శతాబ్దాలు గడిచిన తరువాత ఆ నగరంలోని అత్యంత ఎత్తైన కట్టడాలు చార్మినార్‌కు గానీ, అబిడ్స్, కోఠి వంటి పాత వ్యాపార కేంద్రాలకు గానీ చేరువలో లేవు. అవి పడమటి దిక్కున రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతాల్లో వెలిశాయి. ఒకప్పుడు బండరాళ్లు, చెరువులు, మెట్ట పొలాలు మాత్రమే ఉన్న ఆ నేలపై నేడు 50 అంతస్తులు దాటిన నివాస టవర్లు నిలబడుతున్నాయి.

ఈ మార్పుకు సమాచార సాంకేతిక రంగం విస్తరణ కారణమన్నది అందరికీ తెలిసిన విషయం. భవన నిర్మాణ నిబంధనల పాత్ర మాత్రం అంతగా చర్చకు రాదు. భవనాలు ఎంత ఎత్తుకు వెళ్లవచ్చో, నగరంలో ఏ వైపున వెళ్లవచ్చో చాలావరకు నిర్ణయించింది ఆ నిబంధనలే.

కేంద్రం మారిన క్రమం

నగర కేంద్రం అంటే జనం రోజూ వచ్చి పోయే చోటు. అది రాకపోకల మార్గాన్ని బట్టి మారుతూ ఉంటుంది. చార్మినార్ చుట్టూ ఉన్న బజార్లు తొలి కేంద్రం కాగా, 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ ఏర్పడిన తరువాత మూసీ నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం పెరిగింది. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద నియంత్రణ పనులు మొదలయ్యాయి. 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. మూసీపై ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ జలాశయాలు 1920వ దశకంలో వినియోగంలోకి వచ్చాయి.

మూడో మలుపు 1998లో వచ్చింది. మాదాపూర్‌లో నిర్మించిన సైబర్ టవర్స్‌ను ఆ ఏడాది నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయీ ప్రారంభించారు. అది పది అంతస్తుల భవనమే అయినా, ఉద్యోగాల దిశను పడమటికి తిప్పింది. 2008లో అంతర్జాతీయ విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలిపోయింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఆ విమానాశ్రయాన్ని గచ్చిబౌలితో కలిపింది. దానితో నగరపు బరువు పూర్తిగా పడమటి వైపు మొగ్గింది.

2006లో తొలగిన పరిమితి

భారతదేశంలోని చాలా నగరాల్లో భవనం పరిమాణాన్ని ఎఫ్‌ఎస్‌ఐ అనే నిష్పత్తి నియంత్రిస్తుంది. స్థలం విస్తీర్ణంతో పోలిస్తే అన్ని అంతస్తులూ కలిపి ఎంత మేర నిర్మించవచ్చో అది తెలుపుతుంది. వెయ్యి చదరపు మీటర్ల స్థలానికి ఎఫ్‌ఎస్‌ఐ 2 అయితే, మొత్తం రెండు వేల చదరపు మీటర్ల నిర్మాణానికే అనుమతి లభిస్తుంది. ముంబయి ద్వీప నగరంలో 1991 నిబంధనల ప్రకారం ఈ నిష్పత్తి దశాబ్దాలపాటు 1.33గా ఉండేది. అదనపు హక్కులు, మినహాయింపులు పొందినవారు మాత్రమే దానిని దాటగలిగేవారు.

హైదరాబాద్ మరో దారి ఎంచుకుంది. 2006 మార్చిలో వెలువడిన జీవో 86 ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తొలగించింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 అదే విధానాన్ని కొనసాగించింది. వీటి ప్రకారం భవనం ఎత్తు మూడు అంశాలపై ఆధారపడుతుంది: స్థలం విస్తీర్ణం, ఎదుట ఉన్న రోడ్డు వెడల్పు, భవనం చుట్టూ వదిలే ఖాళీ జాగా. 2012 నిబంధనల్లో బహుళ అంతస్తుల భవనానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, అంటే దాదాపు అర ఎకరం ఉండాలి. 21 మీటర్ల ఎత్తు వరకు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ చాలు. 55 మీటర్ల ఎత్తుకు 30 మీటర్ల రోడ్డు, చుట్టూ 16 మీటర్ల ఖాళీ అవసరం.

ఈ లెక్క ఫలితాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. అర ఎకరం చదరపు స్థలం ఒక్కో వైపు సుమారు 45 మీటర్లు ఉంటుంది. చుట్టూ 7 మీటర్లు వదిలితే 31 మీటర్ల భుజంతో భవనం కట్టవచ్చు. 16 మీటర్లు వదలాల్సి వస్తే మిగిలేది 13 మీటర్లే. లిఫ్టులు, మెట్లు, నడవాలు పోగా అందులో ఇళ్లకు గానీ, కార్యాలయాలకు గానీ చోటు మిగలదు. కాబట్టి కాగితంపై పరిమితి లేకపోయినా, అసలైన ఎత్తు ఎకరాల కొద్దీ స్థలం ఉన్నవారికే సాధ్యమవుతుంది.

పాత నగరంలో గజాల లెక్కన విడిపోయిన స్థలాలు, ఇరుకు వీధులు ఉన్నాయి. సుల్తాన్ బజార్ వంటి చోట్ల పది మంది యజమానులు ఒక్కటైనా 30 మీటర్ల రోడ్డును తేలేరు. పడమట ప్రభుత్వ సంస్థలు పెద్ద పెద్ద లేఅవుట్లను వెడల్పాటి రోడ్లతో వేలానికి సిద్ధం చేశాయి. ఒకే నిబంధన ఒక చోట కట్టడాలను నేలకు కట్టిపడేసి, మరో చోట ఆకాశానికి ఎత్తింది.

ఈ పద్ధతికి పూర్వోదాహరణ లేకపోలేదు. న్యూయార్క్‌లో 1915లో పూర్తయిన ఈక్విటబుల్ భవనం పరిసర వీధులకు వెలుతురు లేకుండా చేసిందన్న ఆందోళనతో, 1916లో ఆ నగరం తొలి జోనింగ్ చట్టాన్ని తెచ్చింది. వీధి వెడల్పును బట్టి గోడ ఎత్తును నిర్ణయించి, ఆపైన భవనం వెనక్కి జరగాలని అది శాసించింది. మెట్లు మెట్లుగా కనిపించే నాటి న్యూయార్క్ టవర్ల ఆకృతి ఆ చట్టం ఇచ్చినదే. 1961లో ఆ నగరం విస్తీర్ణ నిష్పత్తి విధానానికి మారింది. హైదరాబాద్ 2006లో ఇందుకు దాదాపు విపరీత దిశలో ప్రయాణించింది.

గాలిని తట్టుకునే నిర్మాణం

ఎత్తు పెరిగే కొద్దీ భవనానికి సొంత బరువు కన్నా గాలి పెద్ద సవాలు అవుతుంది. నేలలో పాతిన కర్రలా భవనం పై భాగం ఊగుతుంది. ఈ సమస్యకు 20వ శతాబ్దంలో కొత్త సమాధానం చూపినవారిలో ముఖ్యుడు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో నాటి అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో జన్మించిన ఆయన, అమెరికాలోని షికాగోలో పనిచేశారు. భవనం వెలుపలి చట్రాన్నే గొట్టంలా బిగించి గాలిని ఎదుర్కొనే విధానాన్ని ఆయన అభివృద్ధి చేశారు. 1969లో పూర్తయిన వంద అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్, 1970వ దశకంలో పూర్తయిన 442 మీటర్ల సియర్స్ టవర్ ఆ విధానానికి నిదర్శనాలు.

హైదరాబాద్ నివాస టవర్లలో ఎక్కువగా ఉక్కుకు బదులు కాంక్రీటు గోడలనే వాడుతున్నారు. లిఫ్టుల చుట్టూ, ఇళ్ల మధ్య ఉండే షియర్ వాల్స్ బరువును మోస్తూనే గాలినీ తట్టుకుంటాయి. అల్యూమినియం అచ్చులతో ఒక్కో అంతస్తు గోడలను, శ్లాబును కలిపి పోయడం వల్ల పని వేగంగా సాగుతుంది. 50 మీటర్లకు మించి 250 మీటర్ల వరకు ఉండే కాంక్రీటు భవనాలకు భారత ప్రమాణాల సంస్థ 2017లో ఐఎస్ 16700 ప్రమాణాన్ని ప్రకటించింది. గాలికి భవనం పక్కకు ఒరిగే మేర దాని ఎత్తులో 500వ వంతు మించరాదని అది నిర్దేశిస్తుంది. అంటే 200 మీటర్ల టవర్ శిఖరం 40 సెంటీమీటర్లకు మించి కదలకూడదు.

నేల స్వభావం హైదరాబాద్‌కు అనుకూలించింది. దక్కన్ పీఠభూమి గ్రానైటు ఇక్కడ చాలాచోట్ల ఉపరితలానికి దగ్గరలోనే ఉంటుంది. భూకంప ముప్పు కూడా తక్కువే. అందువల్ల పునాదులకు బలం సులభంగా దొరుకుతుంది. అదే రాయి సెల్లార్ల తవ్వకాన్ని మాత్రం కష్టతరం చేస్తుంది. వాహనాలు నిలిపేందుకు అనేక అంతస్తుల లోతుకు బండను పగలగొట్టవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతిలో పరిస్థితి వేరు. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని ప్రాంతంలో సచివాలయం కోసం ఐదు టవర్లను ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ రూపొందించింది. వెలుపలి ఉక్కు చట్రం ఏటవాలు కడ్డీలతో వజ్రాకారపు అల్లికలా ఉండే డయాగ్రిడ్ పద్ధతిని అందులో ఎంచుకున్నారు. కృష్ణా తీరపు మెత్తని నేలపై 2018 చివరలో రాఫ్ట్ పునాదుల పని మొదలైంది. 2019 తరువాత పనులు నిలిచిపోయి పునాదులు నీటిలో ఉండిపోయాయి. 2024లో ఐఐటీ నిపుణులు వాటిని పరిశీలించిన తరువాత, 2025 మే నెలలో రాజధాని పనులు తిరిగి ప్రారంభమయ్యాయి. అమరావతిలో కేంద్రాన్ని ముందుగా గీసి టవర్లను తరువాత నిలబెడుతుండగా, హైదరాబాద్‌లో టవర్లు ముందు వచ్చాయి.

లెక్కలోకి రాని భారం

హైదరాబాద్ నిబంధన ఒక్కో స్థలాన్ని విడిగా చూస్తుంది. ఎదుటి రోడ్డు 30 మీటర్లు ఉందా లేదా అని కొలుస్తుంది. ఆ రోడ్డుపైనే మరో ఇరవై టవర్లు వస్తే ఏమవుతుందో కొలవదు. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉన్న చోట ఒక ప్రాంతంలో గరిష్ఠంగా ఎంత మంది చేరవచ్చో స్థూలంగానైనా అంచనా వేయవచ్చు. అది లేనప్పుడు నీటి గొట్టం, మురుగు కాలువ, విద్యుత్ ఉపకేంద్రం ఏ పరిమాణంలో ఉండాలో ముందుగా చెప్పడం కష్టం.

రవాణా విషయంలో ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాద్ మెట్రో తొలి దశ 69 కిలోమీటర్ల మేర విస్తరించినా, పడమట రాయదుర్గంతో ఆగిపోయింది. ఆర్థిక జిల్లా, కోకాపేట దానికి ఆవలే ఉన్నాయి. అక్కడికి మార్గాన్ని రెండో దశలో ప్రతిపాదించారు. తాగునీరు వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని కృష్ణా, గోదావరి నదుల నుంచి ఎత్తిపోతల ద్వారా నగరానికి చేరుతుంది. ఆ నీటిని ప్రతి టవర్ మళ్లీ తన శిఖరానికి ఎక్కించుకోవాలి.

అగ్నిప్రమాదం మరో ప్రశ్న. ప్రపంచంలోని అతి పొడవైన అగ్నిమాపక నిచ్చెనలు కూడా సుమారు 110 మీటర్ల వరకే చేరగలవు. అంతకు పైన నివసించేవారికి భవనం లోపలి ఏర్పాట్లే దిక్కు. అందుకే జాతీయ భవన నిర్మాణ స్మృతి 24 మీటర్లు దాటిన భవనాల్లో సాధారణంగా ఆశ్రయ ప్రదేశాలను కోరుతుంది. సాధారణ నియమం ప్రకారం ఆపైన ప్రతి 15 మీటర్లకు ఒకటి ఉండాలి. ఆ ప్రదేశాలను ఖాళీగా ఉంచడం, పంపులను పని చేసే స్థితిలో నిలపడం అనుమతి పత్రంతో ముగిసే పనులు కావు. భవనం ఉన్నంత కాలం నివాసుల సంఘం మోయవలసిన బాధ్యతలు అవి.

నీటి వనరుల మాట సరేసరి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను 1996 నాటి జీవో 111 కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను షరతులతో సడలించింది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానకు నగరంలోని అనేక కాలనీలు మునిగిపోయాయి. చెరువుల ఆక్రమణలను అరికట్టడానికి 2024 జులైలో హైడ్రా ఏర్పాటైంది. ఒకనాడు వరద నుంచి నగరాన్ని కాపాడేందుకు కట్టిన జలాశయాల సమీపానికే నేటి కోకాపేట టవర్లు చేరుకున్నాయి.

టవర్లు ఉన్నంత మాత్రాన కేంద్రం కాదు

2021 జులైలో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం ధర గరిష్ఠంగా రూ.60.20 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అది రూ.100.75 కోట్లకు చేరింది. నాటి వేలంలో 45 ఎకరాలకు పైగా భూమి రూ.3,300 కోట్లకు పైబడిన ఆదాయాన్ని తెచ్చింది. ఇంత ధర పెట్టిన నిర్మాణదారు దానిని తిరిగి రాబట్టుకోవడానికి ఎత్తుకు వెళ్లక తప్పదు. పరిమితి లేని ఎత్తు భూమి ధరను పెంచుతుంది, పెరిగిన ధర మరింత ఎత్తును కోరుతుంది.

ఈ టవర్లలో అత్యధికం ప్రహరీల లోపల, నాలుగు వైపులా ఖాళీ స్థలాల మధ్య ఒంటరిగా నిలబడినవే. నిబంధన కోరిన ఖాళీ జాగా వెలుతురునూ, గాలినీ ఇస్తుంది, అగ్నిమాపక వాహనం తిరగడానికి దారి ఇస్తుంది. కానీ వీధి వెంట వరుసగా దుకాణాలు, కాలిబాటపై జనం, ఒక భవనం నుంచి మరో భవనానికి నడిచి వెళ్లే వీలు దాని వల్ల తగ్గిపోతాయి. ఎత్తు విషయంలో వెనుకబడిన అబిడ్స్, కోఠి ఈ గుణాల్లో నేటికీ ముందున్నాయి.

కేంద్రానికి ఎత్తు అవసరం లేదని చెప్పడానికి తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మరో పట్టణం సాక్ష్యంగా నిలుస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పట్టణంగా మలిచింది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనులకు వెళ్లిన కుటుంబాలు అక్కడే నిలిచిపోయాయి. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాంతో ఒకప్పుడు ప్రపంచంలో అతి పొడవైనదిగా పేరొందిన రైల్వే స్టేషన్, దానికి తోడు వర్క్‌షాపు ఆ పట్టణానికి కేంద్రం అయ్యాయి. ఝపటాపూర్ వంటి పేటలు ఆ పట్టణంలో భాగం. ఆకాశం వైపు కాక నేల మీద సాగిన ఆ పట్టణంలో జనాన్ని ఒక చోటికి చేర్చింది రైలే. అక్కడా, అలాంటి మరెన్నో పట్టణాల్లోనూ భూమి ధర పెరిగి పాత ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు వచ్చే కొద్దీ, హైదరాబాద్ ఎదుర్కొన్న ప్రశ్నే తలెత్తుతుంది: ఎత్తుకు అనుమతి ముందా, ఆ ఎత్తును మోసే రవాణా, నీరు, మురుగు వ్యవస్థలు ముందా?

15 మీటర్ల ఎత్తు దాటిన నిర్మాణాలపై మౌలిక వసతుల ప్రభావ రుసుము వసూలు చేయాలని హైదరాబాద్ నిబంధనల్లోనే ఉంది. ఎత్తు తెచ్చే భారానికి ఎత్తే మూల్యం చెల్లించాలన్నది దాని ఆంతర్యం. ఆ సొమ్ము ఏ ప్రాంతంలో వసూలైందో ఆ ప్రాంతపు రోడ్లకు, నీటికి, ప్రజా రవాణాకు సకాలంలో చేరినప్పుడే ఆ ఆంతర్యం నెరవేరుతుంది. రోడ్డు వెడల్పును కొలిచి ఎత్తుకు అనుమతించిన నగరం, ఆ రోడ్డు ఎంతమందిని మోయగలదో కూడా కొలిచిన నాడు పడమటి టవర్ల వరుస నగర కేంద్రంగా మారగలదు.