శైశవ ప్రతీకార చర్యలు, ఆటలు

పుట్టిన రెండో రోజు బిడ్డ అరచేతిలో చూపుడువేలు పెడితే గుప్పిట చటుక్కున బిగుసుకుంటుంది. నన్ను పట్టుకున్నాడంటూ తాతయ్య మురిసిపోతాడు గానీ, అందులో బిడ్డ ఉద్దేశమేమీ ఉండదు. మెదడు కాండం, వెన్నుపాము నడిపించే ఇలాంటి పుట్టుకదలికలే శైశవ ప్రతీకార చర్యలు. మెదడు పైపొర ఎదిగేకొద్దీ ఇవి అణిగి, తలచుకుని చేసే కదలికలకు చోటిస్తాయి. ఈ అణగడాన్నే థెరపిస్టులు ఇంటిగ్రేషన్ అంటారు. దానికి ఆట తోడ్పడుతుందన్న నమ్మకం మీద ఇప్పుడు ఒక చికిత్సా పద్ధతే నడుస్తోంది.

వీటిలో బాగా తెలిసినది మోరో చర్య. ఎర్నస్ట్ మోరో అనే పిల్లల వైద్యుడు 1918లో దీన్ని వివరించాడు. తల కాస్త వెనక్కి జారినట్టయితే చాలు, పసిబిడ్డ ఉలిక్కిపడి చేతులు బార్లా చాచి, మళ్లీ దగ్గరికి ముడుచుకుని ఏడుస్తుంది. సాధారణంగా ఆరు నెలల లోపు ఇది పోతుంది. గుప్పిట పట్టూ ఇంచుమించు అప్పుడే సడలుతుంది. మెడ తిప్పిన వైపు చెయ్యి చాచుకుని రెండోది ముడుచుకునే చర్యకూ దాదాపు అదే గడువు. అరికాలిని గీస్తే బొటనవేలు పైకి లేచే బాబిన్‌స్కీ గుర్తు మాత్రం ఏడాది దాటినా కనిపించవచ్చు.

అయితే ప్రతి చర్యా మెదడు అణచడం వల్లనే పోతుందనుకుంటే పొరపాటు. నిలబెట్టి పట్టుకుంటే అడుగులు వేసే చర్య కొన్ని వారాలకే మాయమవుతుంది. 1984లో పరిశోధకురాలు ఎస్తర్ థెలెన్ బృందం పసివాళ్ల కాళ్లను నీళ్లలో ఉంచి చూస్తే అడుగులు పెరిగాయి. కాళ్లకు చిన్న బరువులు కడితే తగ్గాయి. కాళ్లు కొవ్వు పట్టి బరువెక్కడమే అడుగులు ఆగడానికి ముఖ్య కారణమని వాళ్లు తేల్చారు. ఎదుగుదలలో మెదడుతో పాటు ఒంటికీ వాటా ఉందని చెప్పే ఈ ప్రయోగాన్ని ఆటల గురించి మాట్లాడేవాళ్లు మరింత తలచుకోవాలి.

చికిత్సగా ఆట అన్న ఆలోచనకు ఇంగ్లండులోని చెస్టర్ ఒక కేంద్రం. మనస్తత్వవేత్త పీటర్ బ్లైత్ 1975లో అక్కడ ఒక సంస్థ పెట్టాడు. శాలీ గొడార్డ్ బ్లైత్ ఆ పనిని విస్తరించింది. ఈ చర్యలు బడి వయసులోనూ మిగిలిపోతే రాతలో, చదువులో, కుదురుగా కూర్చోవడంలో ఇబ్బంది వస్తుందన్నది వాళ్ల వాదన. మెడ చర్యకు పరీక్ష తేలికైనదే. పిల్లను చేతులూ మోకాళ్ల మీద నిలబెట్టి, తలను మెల్లగా పక్కకు తిప్పుతారు. ముఖం కుడికి తిరిగితే ఎడమ మోచెయ్యి దానంతటదే వంగిపోతుందా అని చూస్తారు. వంగితే ఆ చర్య ఇంకా మిగిలి ఉందని లెక్క.

దీనికి ఇచ్చే ఆటలు కొత్తవేమీ కావు. కుర్చీలో కూర్చుని నక్షత్రంలా విచ్చుకోవడం, మళ్లీ చేతులూ కాళ్లూ కత్తెర వేసి ఉండలా ముడుచుకోవడం మోరో కోసం. మంచం కింద నుంచి పాకడం, ఏనుగులా నడవడం మెడ చర్యల కోసం. గుప్పిట కోసమైతే చపాతీ పిండి పిసికితే సరి. మన చెమ్మచెక్కలో చేతులు ఒంటి నడిగీతను దాటుతూనే ఉంటాయి. ఒప్పులకుప్ప తిరిగితే చెవి లోపలి తూకానికి పని. ఇక బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే తెలుగు ఇళ్లు బిడ్డ ఎదుగుదలను కదలికతోనే కొలిచాయి.

ఈ పద్ధతికి దన్నుగా ఎక్కువగా చూపించేది 2000లో లాన్సెట్‌లో వచ్చిన ఉత్తర ఐర్లాండు అధ్యయనం. చదవడంలో వెనకబడిన 60 మంది పిల్లల్ని మూడు జట్లుగా విడదీశారు. పసివాళ్ల కదలికల్ని ఏడాదిపాటు మళ్లీ మళ్లీ చేసిన జట్టులో మెడ చర్య తగ్గింది, చదువూ మెరుగైంది. ఫలితం బాగానే ఉన్నా, జట్టుకు 20 మందే. ఇలాంటి కదలికల కార్యక్రమాలను తర్వాత సమీక్షించిన వాళ్లు, చదువు బాగుపడుతుందనడానికి ఆధారం బలహీనమనే అన్నారు. చదవలేని పిల్లకు అక్షరాలు నేర్పే బోధన మానేసి దొర్లించడం తెలివైన బేరం కాదు.

పసితనంలో కదలికకు చోటివ్వాలన్న దాంట్లో మాత్రం వివాదం లేదు. ఇంకా పాకని శిశువును మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలు చూస్తుండగా, రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నిద్రకు మాత్రం వెల్లకిలే. చక్రాల వాకర్ నడక నేర్పదు సరికదా, మెట్ల మీంచి పడేస్తుంది. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. దానికి బదులు నేల మీద ఒక చాప, అందీ అందని దూరంలో ఒక గిలక్కాయ చాలు.

కొన్ని సంగతులు ఆటతో తేల్చుకోవలసినవి కావు. ఆరు నెలలు బాగా దాటినా మోరో చర్య మిగిలి ఉంటే, ఒక పక్క చెయ్యే కదిలి రెండోది కదలకపోతే, వచ్చిన నడకో మాటో వెనక్కి పోతే పిల్లల వైద్యుడికి చూపించాలి. ఒక పక్కే కదలడం కాన్పులో భుజం నరాలకు తగిలిన దెబ్బ వల్ల కావచ్చు. గడువు దాటినా పోని చర్య సెరిబ్రల్ పాల్సీకి గుర్తు కావచ్చు.