కడిగిన మురికి ఎక్కడికి పోవును?



నేను అరసవల్లివాడను. మా ఊరి సూర్యనారాయణస్వామి ఆలయమును 7వ శతాబ్దమున కళింగ గాంగరాజగు దేవేంద్రవర్మ కట్టించెనని స్థలచరిత్ర చెప్పుచున్నది. అచటికి వచ్చు భక్తులు ఇంద్రపుష్కరిణిలో స్నానమాడి, పిదప స్వామిని దర్శింతురు. శుద్ధి యన్న మాటకు మనలో అంతటి గౌరవము కలదు. అయితే ఒంటిని విడిచిన మురికి పుష్కరిణిలోనే నిలుచును గదా! కర్మాగారముల విషయమునను ఈ ప్రశ్నయే ముఖ్యము. లోకమును శుభ్రపరచు వస్తువులను చేయు కర్మాగారములును, మురికినీటిని శుద్ధిచేయుటకే పుట్టిన కర్మాగారములును తమ మురికిని ఏమి చేసినవో నేడు మనవి చేసెదను.

మొదట ఇంగ్లండు ముచ్చట. సబ్బునకును, గాజునకును సోడా కావలెను. ఫ్రాన్సు దేశస్థుడగు లెబ్లాంకు 1791లో ఉప్పునుండి సోడా తీయు పద్ధతికి హక్కు పొందెను. ఉప్పుపై గంధకామ్లము పోసి కాచినప్పుడు హైడ్రోక్లోరికు వాయువు పుట్టును. దానిని పొగగొట్టములగుండ గాలిలోనికి వదలగా, చుట్టుపట్ల చెట్లు మాడి చేలు ఎండిపోయినవి. 1836లో గాసేజి అనునతడు ఎత్తైన గోపురములో నీటిధారలచే ఆ వాయువును కరగించు ఉపాయము కనిపెట్టెను. కాని శాసనము లేనిదే అందరును దానిని పాటింపలేదు. 1863లో ఇంగ్లీషు పార్లమెంటు, వాయువులో నూటికి 95 పాళ్లు పట్టి తీరవలెనని చట్టము చేసి, పరీక్షాధికారిగా ఆంగస్ స్మిత్ అను రసాయనశాస్త్రజ్ఞుని నియమించెను. గాలి కొంత బాగుపడెను గాని, పట్టిన ఆమ్లమును ఏటిలో పోసినందున నీరు చెడెను. తరువాత వెల్డన్, డీకన్ అనువారు అట్టి ఆమ్లమునుండి క్లోరిను తీయు మార్గములు చూపగా, పారబోసిన ఆమ్లమే బ్లీచింగు పొడికి మూలద్రవ్యమాయెను. మన పంచాయతీవారు బావులలో చల్లించు పొడి అదియే. చట్టము, తనిఖీ, లాభము మూడును కూడినప్పుడే మాలిన్యము తగ్గినదని ఈ కథవలన తెలియుచున్నది.

ఇక మన తెలుగునాటి సంగతి. హైదరాబాదునకు సమీపమున పటాన్‌చెరువు ప్రాంతమున 1970 తరువాతి సంవత్సరములలో పారిశ్రామికవాడ వెలసినది. మందులు, రసాయనములు చేయు కర్మాగారములు అనేకము వచ్చినవి. వాటి వ్యర్థజలము ఇసుకవాగు, నక్కవాగులగుండ మంజీరానదికి చేరసాగెను. వాగునీరు పారిన పొలములు చౌడుదేరెను, బావులు చెడెను. 1990లో ఈ విషయము వ్యాజ్యముగా సుప్రీంకోర్టునకు ఎక్కినది. న్యాయస్థానము జిల్లా న్యాయమూర్తిచే విచారణ జరిపించి, నష్టపడిన రైతులకు పరిహారము ఇప్పించెను.

విడివిడిగా శుద్ధిచేసికొనలేని పరిశ్రమలకై 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ అను ఉమ్మడి శుద్ధికేంద్రము ఏర్పడెను. సుమారు 90 కర్మాగారముల మురికినీరు అచటికి చేరెడిది. ఇట్టి కేంద్రములలో పని చేయునవి ముఖ్యముగా సూక్ష్మజీవులు. పెంటకుప్పను ఎరువుగా మార్చు జీవులవంటివే ఇవియు. కాని వచ్చు నీటిలో సూక్ష్మజీవులను చంపు మందులే ఉన్నయెడల అవి ఎట్లు పనిచేయును? పైగా నీటిలో కరగిన లవణములను ఈ జీవులు తినజాలవు.

స్వీడను దేశపు గోటెన్‌బర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన లార్సన్, ఆయన సహశాస్త్రజ్ఞులు ఆ కేంద్రమునుండి శుద్ధియై వెలువడిన నీటిని పరీక్షించి, 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. మందు మ్రింగిన రోగి రక్తములో ఉండుదానికంటెను ఇది అధికము. ఇట్టి నీటిలో దుర్బలమగు సూక్ష్మజీవులు చచ్చి, మందునకు లొంగనివి మిగిలి వృద్ధిపొందును. అవి వాగువెంట పోయి మనుష్యులకు సోకినచో, వైద్యుడిచ్చు మందు పనిచేయదు. పటాన్‌చెరువు రైతు కష్టము ఈ విధముగా దూరదేశపు రోగికిని కష్టమగును.

తరువాత 18 కిలోమీటర్ల గొట్టము వేసి, కేంద్రపు నీటిని హైదరాబాదు మురుగుకాలువలో కలిపి, అంబరుపేట శుద్ధికేంద్రమునకు పంపిరి. అచటినుండి అది మూసీలో పడును. మంజీర గోదావరిలోను, మూసీ కృష్ణలోను కలియును. నక్కవాగు కొంత ఊరట చెందినను, గోదావరి వైపు పోవలసిన నీరు కృష్ణ వైపు తిరిగినది. 1990లో మొదలైన వ్యాజ్యమును జాతీయ హరిత న్యాయస్థానము 2017లో ముగించెను. పిల్లవాడుగా చూచినవాడు గృహస్థు కావలసినంత కాలము పట్టినది.

మన జిల్లాకు ఇది పరాయికథ కాదు. పైడిభీమవరమున మందుల కర్మాగారములు కలవు. అరసవల్లికి దూరము కాని చిలకపాలెమువద్ద, పురుగుమందులు చేయు నాగార్జున అగ్రికెం కర్మాగారమున 2011 జూను 30న పేలుడు, అగ్నిప్రమాదము జరిగినవి. పరిశ్రమలు వలదని నేను చెప్పుట లేదు. మందులు కావలెను, మన పిల్లలకు పనులును కావలెను. కాని అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను సామెత ఇచట వర్తించును. పుట్టినచోటనే మురికిని తగ్గించుట సులభము. వాగున కలిసినపిదప తీయుట దుర్లభము.

2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము, పెక్కు తరగతుల పెద్ద పరిశ్రమలు అనుమతి పొందుటకు ముందు ప్రజాభిప్రాయసభ జరుగవలెను. దానికి 30 దినముల ముందు ప్రకటన ఇయ్యవలెను. జిల్లా కలెక్టరుగాని, వారి ప్రతినిధిగాని అధ్యక్షత వహింతురు. చెప్పిన మాటలు వ్రాతలో ఎక్కును. పెద్దలారా, అట్టి సభకు తప్పక పోవుడు. ఏ వస్తువు చేయుదురు, దినమునకు ఎంత నీరు వాడుదురు, కడిగిన మురికి ఎచటికి పంపుదురు అని అడుగుడు. శుద్ధికేంద్రము కట్టెదమని చెప్పినచో, శుద్ధియైన నీటిని ఎవరు, ఎన్నినాళ్లకొకసారి పరీక్షింతురో, ఆ లెక్కలు ఊరికి ఎట్లు తెలియునో అడిగి వ్రాయించుడు. నాగావళి నీరు త్రాగు మనకు ఆ ప్రశ్న అడుగు హక్కు కలదు. సెలవు.