నరమా, సిరా?

రామచంద్రపురంలో పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు పరిచి చూపించే గుమాస్తాను అడగండి. పంచె కాస్త పైకి లాగి, పిక్క మీద నీలంగా మెలికలు తిరిగినదాన్ని చూపించి ‘‘నరాలు ఉబ్బేయండీ’’ అంటాడు. ఆస్పత్రి బోర్డు మీద అదే ‘వెరికోస్ వెయిన్స్’. యంత్రానువాదాల పుణ్యమా అని ‘అనారోగ్య సిరలు’ అనే మాట కూడా వాడుకలోకి వచ్చిపడింది. జబ్బుకి జబ్బని పేరు పెట్టడం తప్ప అందులో ఏముంది? లాటిన్ ‘వేరిక్స్’ అంటే ఉబ్బిన సిరే. నా ఓటు గుమాస్తాకే.

కాకపోతే ‘నరం’తో ఒక చిక్కుంది. తమిళ ‘నరంబు’, కన్నడ ‘నర’ దీని తోబుట్టువులు. స్పర్శను మోసేదీ, నెత్తురు మోసేదీ అన్నీ నరాలే. తమిళంలో యాళ్ వాద్యపు తీగ కూడా నరంబే. గ్రీకు ‘న్యూరాన్’ కూడా ఒకప్పుడు స్నాయువూ, వింటినారీ. వైద్యులు దాని అర్థాన్ని కుదించారు. మనం ఆ పని చేయలేదు. అందుకే ఉబ్బునరాలవాళ్లు నరాల డాక్టరు దగ్గర చీటీ రాయించుకుంటారు. ఆయన చూసి రక్తనాళాల సర్జను దగ్గరికి పొమ్మంటాడు.

సంస్కృతంలో ‘సిర’ ఉంది. చరకుడు దాన్ని ‘సరణం’ నుంచి, అంటే పారడం నుంచి తీశాడు. వరాహమిహిరుడు భూగర్భంలోని నీటి జాడల్నే సిరలన్నాడు. సుశ్రుతుడికైతే అవి తోటనూ చేనునూ తడిపే కాలువలు. తోటకి ఆయన వాడిన మాట ‘ఆరామం’; మన పక్క ద్రాక్షారామంలో ఉన్నదీ అదే. ముడిపడిన సిరని ఆయన ‘సిరాజగ్రంథి’ అన్నాడు. గ్రంథి అంటే ముడి. గ్రంథమూ ఆ ధాతువు బిడ్డే: ఆకులు కట్టిన కట్ట. పండితుల కాళ్లకి తగిన పేరే!

తమిళంలో ‘కాల్’ అంటే కాలూ, కాలువా. ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెంటినీ వేరువేరు పద్దుల్లో పెట్టింది. అయినా 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో బతికే ఊరికి ఆ పద్దుల మధ్య గోడ పల్చగానే కనిపిస్తుంది. తేడా ఒక్కటే: కాలువ పల్లానికి పారుతుంది, కాలి సిరలో నెత్తురు మిట్టకెక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండ బిగిసి దాన్ని పైకి తోస్తుంది. పారిపోవడానికే ‘పిక్కబలం’ అని పేరు పెట్టుకున్నాం గాని, దాని అసలు కొలువు ఇదీ.

ఎక్కిన నెత్తురు జారకుండా ఆపేవి కవాటాలు. కవాటం అంటే తలుపురెక్క. ‘వాల్వు’కి తల్లి అయిన లాటిన్ ‘వాల్వా’ కూడా తలుపురెక్కే. రెండు భాషలూ ఒకే ఇంటి తలుపు తట్టాయి! ఆ రెక్క సరిగా మూసుకోకపోతే నెత్తురు దిగి నిలుస్తుంది, సిర గోడ సాగుతుంది, మెలికపడుతుంది. గంటల తరబడి నిలబడే కొలువు, కాన్పులు, ఊబకాయం, వంశం అందుకు దోహదం చేస్తాయి. పట్టించుకోకపోతే చీలమండ పైన చర్మం నల్లబడి పుండు పడొచ్చు.

బిగుతు మేజోళ్లు వాపునీ లాగుడునీ తగ్గిస్తాయి, చెడిన రెక్కని బాగుచేయవు. సన్న సిరల్ని మందు సూదితో మూసేస్తారు. పెద్ద సిరనైతే లోపలి నుంచి లేజరుతోనో రేడియో తరంగాలతోనో వేడిచేసి మూస్తారు. కోసి లాగేసే పాత పద్ధతీ ఉంది. మూస్తే నెత్తురు ఎటు పోతుందని రోగి బెంగ. కాలి నెత్తురులో ఎక్కువ భాగం లోతు సిరల్లోంచే పైకెళ్తుంది. ఆ దారి తెరిచి ఉందో లేదో ముందు డాప్లర్ స్కానులో చూసుకుంటారు. క్రిస్టియన్ డాప్లర్ ఆస్ట్రియా దేశస్థుడు. 1842లో ఆయన రాసింది జంట నక్షత్రాల రంగుల గురించి, కాళ్ల ఊసే లేదు.