పరదేశమున పసిబిడ్డ

ఉద్యోగమునకై పరదేశమేగిన దంపతులకు పెద్ద చిక్కు ఇల్లు కుదుర్చుకొనుట కాదు; పసిబిడ్డను ఎవరి చేతిలో పెట్టవలెనన్నది. ఒకప్పుడు మన దేశమున కాపురమున్న ఆంగ్లేయులను కూడ ఈ చిక్కే బాధించినది.

వారు పసికందులను ఆయాకు అప్పగించెడివారు. అయిదారేండ్లు వచ్చుసరికి ఎండకును, వ్యాధులకును, దేశభాషల యాస అంటుననియు జంకి, ఓడ యెక్కించి స్వదేశమునకు పంపెడివారు.

రచయిత రడ్యార్డ్ కిప్లింగు 1865లో బొంబాయిలో జన్మించెను. పసితనమున అతనికి బాగుగ పట్టుబడినది ఆయాతో మాటలాడిన హిందూస్తానీయే. 1871లో, ఆరేండ్లయినను నిండని అతనిని, మూడేండ్ల చెల్లెలిని తల్లిదండ్రులు ఇంగ్లండులోని సౌత్‌సీలో, పత్రికా ప్రకటన చూచి కుదిర్చిన ఇంట విడిచి, వారితో చెప్పకయే మరలివచ్చిరి. ఆ ఇంట దెబ్బలతో, బెదిరింపులతో అతడు అయిదేండ్లకు పైగా గడిపెను. ఏటేటా డిసెంబరులో పినతల్లి యింటికి పోయెడివాడు; ఆమెతోనైనను ఒక్కమాట చెప్పలేదు. 1877లో తల్లి వచ్చి పిల్లలను తీసికొనిపోయినది.

ఆ తల్లిదండ్రులకు ప్రేమ కొరవడలేదు. తోడివారందరు చేయునదే వారును చేసిరి. బిడ్డకు ముందుగా చెప్పుటయు, బిడ్డ తన కష్టము చెప్పుకొనుటకు దారి యుంచుటయు మరచిరి.

నేడు అమెరికాలోను, గల్ఫు దేశములలోను మనవారు శిశువిహారమును ఎంచునపుడు రుసుమును, దూరమును, భాషను విచారింతురు. అది మంచిదే. కాని సాయంకాలము ఇల్లుచేరిన బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆనాటి ముచ్చటలు మన తెలుగులో అడుగుటయు అంత ముఖ్యమే. పసివారు తమంత తాము దుఃఖమును చెప్పుకొనలేరు, మనమే అడుగవలెను.